ఊట ఎర్రబడిన వారం

జూలై 3, 1926, శనివారం

కంపు. ముందు అదే రాయాలి. ఊరు ఇంకా రెండు మలుపుల అవతల ఉండగానే ముక్కుకి తగిలింది.

ఊరి పేరు పనసగుడ. డుంబ్రిగుడ నుంచి అరపూట నడక. పేరుకి తగ్గట్టే ప్రతి గడప ముందూ పనసపళ్ళు పగిలి కుళ్ళుతున్నాయి. ఆ తొనల మీద ముసిరిన ఈగలే లేచి పక్కనున్న వాంతి మీద వాలుతున్నాయి. మళ్ళీ తొనల మీదికి. పిల్లలు ఆ తొనలే తింటున్నారు. మిగతాది పందులు చూసుకుంటున్నాయి.

కలరానే, సందేహం లేదు. బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలు, గుంటలు పడ్డ కళ్ళు. సంతకి వెళ్ళొచ్చినవాడు ఒకడు మొదట పోయాడట. వాడి చాపా బట్టలూ ఊరి పైనుంచి పారే గెడ్డలో జాడించారట. వాడి తమ్ముడు నిన్న పోయాడు. అదే ఇంట్లో ఇంకా ఇద్దరు పడకేశారు. ఇప్పటికి ఒక్క ఇల్లే. హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా నా పని దాన్ని ఆ ఇంట్లోనే ఆపడం.

నా సామాను మోసేదీ, నా మాట వాళ్ళకీ వాళ్ళ మాట నాకూ చెప్పేదీ మంగ్లు. ఈ ఊరివాడే. కూలికి దిగువకి పోయి తెలుగు నేర్చాడు. మనిషి నెమ్మది. కానీ ఆ నోరు చూడలేం. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తాడు. మాటకో ఉమ్ము. నేను కాచిన నీళ్ళు పోసుకునే కెటిల్ ముట్టుకోవద్దని మొదటే చెప్పేశాను. సరే బాబూ అన్నాడు.

జూలై 4, ఆదివారం

ప్రార్థన టెంటులో ఒక్కడినే చేసుకున్నాను. పాట పాడబోతే నోట్లోకి ఈగ పోయింది.

తర్వాత డప్పు వేయించి ఊరందరినీ వాళ్ళు నీళ్ళు ముంచుకునే ఊట దగ్గరికి పిలిపించాను. నీళ్ళు కొండరాతి సందులోంచి వస్తాయి. చుట్టూ రాళ్ళు పేర్చి చిన్న గుంటలా కట్టారు. నిజం చెప్పాలంటే నీళ్ళు తేటగా, చల్లగా ఉన్నాయి. ఈ ఊళ్ళో నేను చూసిన శుభ్రమైన వస్తువు అదొక్కటే. అయినా ఎన్ని చేతులు ముంచారో, ఎన్ని కుండలు దించారో. రూలు రూలే.

నీళ్ళని శుద్ధి చేసే పర్మాంగనేట్ వేశాను. చిటికెడు చాలు. కానీ రంగు కంటికి కొట్టొచ్చినట్టు కనబడితేనే ఈ జనం మందని నమ్ముతారనిపించింది. గుప్పెడు వేశాను. గుంటంతా ఎర్రగా, ఊదాగా తిరిగింది.

ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. ఊరిపెద్ద సుక్రు మంగ్లుతో ఏదో అన్నాడు. ఏమిటని అడిగితే మంగ్లు నేలచూపులు చూస్తూ, ఏటీ నేదు బాబూ, మంచి మందు అంతన్నాడు అని చెప్పాడు. గెడ్డ నీళ్ళు ముట్టొద్దు, ఈ నీళ్ళే తాగండి అని చెప్పించాను. అందరూ తలలూపారు.

పితూరీ అణిచి రెండేళ్ళయింది. ఖాకీ చూస్తే ఈ కొండల్లో ఎవరూ ఎదురు చెప్పరు. మా పనికి అది మంచిదే.

జూలై 5, సోమవారం

కొత్త ఇంట్లో కేసు. వాంతి నా బూటు మీద పడింది. బూటు మూడుసార్లు కడిగాను.

జూలై 7, బుధవారం

రోజూ తెల్లారగానే మందు వేస్తున్నాను. ఒక్కపూట కూడా తప్పలేదు.

ఒక్క విషయంలో సంతోషం. ఊట చుట్టూ ఇప్పుడు ఎంత శుభ్రంగా ఉందో. మొన్నటిదాకా అక్కడ మోకాలి లోతు బురద, కుండల రొద, తోపులాట. ఇప్పుడు రాళ్ళు ఆరి ఉన్నాయి. బురద గట్టిపడింది. క్రమశిక్షణ వచ్చింది. సోములమ్మ అనే ముసలామె ఒకర్తె రోజూ పొద్దున్నే వస్తుంది. చేతిలో కుండ కూడా ఉండదు. వంగి నీళ్ళలోకి చూస్తుంది, వెళ్ళిపోతుంది. నా పని మీద ఒక్కరికైనా శ్రద్ధ ఉంది.

ఇళ్ళ ఇన్‌స్పెక్షను గడప దగ్గరి నుంచే చేస్తున్నాను. యూకలిప్టస్ నూనె చల్లిన రుమాలు ముక్కుకి కట్టుకున్నా ఆ చీకటి గదుల్లోకి తల పెట్టలేను. పొగ, పేడ, మనిషి మలం, పులిసిన అంబలి. అన్నీ ఒక్కటైన వాసన. మంగ్లు లోపలికి పోయి రోగికి మిక్స్చర్ పోసి, చూసింది వచ్చి చెబుతాడు. చాలు.

మధ్యాహ్నం ఎండలో వాడు, బాబూ నీ కెటిల్లో నీరు రెండు గుక్కలు పోత్తావా అని అడిగాడు. పదడుగుల్లో ఊట ఉంది, మందు కూడా వేశాను, అక్కడ తాగు అన్నాను. వాడు చుట్ట తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. సరే బాబూ అన్నాడు.

సాలూరులో పెద్దకులాల వాళ్ళు మా తాతకి చెంబు అంటనిచ్చేవారు కాదు. ఎత్తు మీంచి దోసిట్లో పోసేవారు. ఆ సంగతి ఎందుకో ఇప్పుడు గుర్తొచ్చింది. ఇది అది కాదు. ఇది సైన్స్.

జూలై 8, గురువారం

ఇద్దరు పోయారు. ఏడు ఇళ్ళలో కేసులు. ఒక్క ఇల్లు కాస్తా ఏడయింది!

ఏ మూలనో దొంగతనంగా కుళ్ళిందేదో తింటున్నారు, వేరే కారణం లేదు. ఈగలు తోలరు. చేతులు కడగరు. పిల్ల ముక్కు చీది ఆ చేత్తోనే అంబలి కలపడం నా కళ్ళతో చూశాను. వీళ్ళకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

మందు రెట్టింపు చేశాను. ఊట ఇప్పుడు సిరాబుడ్డిలా ఉంది. హెల్త్ ఆఫీసరు గారికి ఉత్తరం రాశాను: నీటి విషయంలో లోటు లేదు, లోటు ప్రజల అలవాట్లలో ఉంది అని.

జూలై 10, శనివారం, పొద్దున్న

మంగ్లు రాలేదు. కబురంపుదామంటే కబురు చెప్పేవాడే వాడు.

అదే రోజు, సాయంత్రం

జరిగింది వరసగా రాస్తాను.

మంగ్లు గుడిసెకి నేనే వెళ్ళాను. గడప దగ్గర నిలబడి పిలిచాను. పలకలేదు. తల వంచి లోపలికి వెళ్ళాను. ఈ ఊరొచ్చి వారమైంది, ఒక ఇంట్లోకి అడుగు పెట్టడం ఇదే మొదలు. మంగ్లు నేల మీద ఉన్నాడు. ఒక్క రాత్రిలో బుగ్గలు పీక్కుపోయాయి, వేళ్ళు నానిపోయినట్టు ముడతలు పడ్డాయి. నన్ను చూసి లేవబోయాడు. వాడి కిందంతా తడి. నేను ఆ తడిలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాసన వచ్చిందో లేదో గుర్తు లేదు.

నీళ్ళిమ్మని వాడి భార్య కనకతో అన్నాను. మూలనున్న కుండలోంచి ముంచింది. తెల్లటి నీళ్ళు. తేటగా, రంగన్నది లేకుండా.

ఇవెక్కడివి అన్నాను. గెడ్డవి అంది.

కనక పాచిపెంట పక్క మనిషి, తెలుగు వచ్చు. అయినా ఒకటికి నాలుగుసార్లు అడిగితేగాని చెప్పలేదు. మొహం గోడకి తిప్పుకుని చెప్పింది. ఊట ముట్టయింది గదా బాబూ, ముట్టయిన నీరు ఎలా ముంచుతాం అంది. ఊటంటే వాళ్ళకి అమ్మ. నేను మందు వెయ్యగానే అమ్మకి నెత్తురు కనబడింది. తేటపడేదాకా ముట్టకూడదు. మూడు రోజులకో నాలుగు రోజులకో తేటవుద్దని సోములమ్మ పొద్దున్నే పోయి సూసొత్తంది, నువ్వేమో రోజూ మల్లా ఎర్ర సేసెత్తన్నావు అంది. ఊరంతా నాలుగో తారీకు నుంచీ గెడ్డ నీళ్ళే తాగుతున్నారట. చచ్చినవాడి బట్టలు జాడించిన గెడ్డ.

మరి మంగ్లు నాకెందుకు చెప్పలేదని అరిచాను. ఆడోల్ల సంగతి, అందునా సర్కారు బాబుకి, మా మావ ఏ నోటితో సెప్తాడు అంది.

ఏ ఇంట్లోనైనా ఒక్కసారి తల దూర్చి ఉంటే, ఒక్క కుండలోకి చూసి ఉంటే, నాలుగో తారీకు సాయంత్రానికే తెలిసిపోయేది. ముక్కు మూసుకుని గడప బయట నిలబడ్డాను. వాడు నీళ్ళడిగిన రోజు నా కెటిల్లో కాచిన నీళ్ళు నిండుగా ఉన్నాయి.

ఇప్పుడు కెటిల్ అక్కడే పెట్టి వచ్చాను. చెంచాతో ఉప్పు నీళ్ళు పోశాను. సగం కక్కాడు.

జూలై 11, ఆదివారం

ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో చెయ్యలేదు.

నేను తాగి చూపిస్తే అందరూ తాగుతారనుకున్నాను. కనక చేత ఊరిని పిలిపించాను. ఇది నెత్తురు కాదు, మందు, చూడండి అని చెప్పించాను. గ్లాసు తెచ్చుకుంటే నమ్మరు. వాళ్ళు ముంచుకునే ఆనపబుర్ర తీసుకున్నాను. దాని అంచు ఎన్ని నోళ్ళు తగిలి నల్లబడిందో. పొగాకు, అంబలి, ఎంగిలి. కళ్ళు మూసుకుని నోటికి పెట్టుకున్నాను. ఒక గుక్క మింగాను. రెండో గుక్కకి ఆ అంచు నాలుకకి జిగటగా తగిలింది.

కక్కేశాను. ఊరందరి ముందూ, ఊట రాళ్ళ మీద, ఎర్రగా.

ఒక ఆడమనిషి కేకేసింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. సుక్రు ఒక్కడే నిలబడి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. జాలి ఉంది. నీళ్ళ వల్ల కాదు, ఆనపబుర్ర వల్ల అని చెప్పమన్నాను కనకతో. ఆమె నా వంక చూసింది, చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేది? మీ ఎంగిలికి కక్కాడు అని చెప్పాలి కదా.

కలరాని చూసి వీళ్ళంత భయపడలేదు. నన్ను చూసి భయపడ్డారు. నన్ను చూసుకుంటే నాకే అసహ్యం వేస్తోంది.

జూలై 12, సోమవారం

మంగ్లు తెల్లవారుతుండగా పోయాడు. చివరిదాకా మళ్ళీ నన్ను నీళ్ళు అడగలేదు.

ఇవాళ మందు వెయ్యలేదు. కిరసనాయిలు డబ్బా కడిగి, ఊట గుంటలో ఎర్ర నీళ్ళన్నీ తోడి పారబోశాను. తోడేకొద్దీ రాతిలోంచి కొత్త నీళ్ళు వచ్చాయి. మధ్యాహ్నానికి గులాబీ రంగు. పొద్దు వాలేసరికి అడుగునున్న గులకరాళ్ళు కనిపించాయి. అరిచేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ సాయం రాలేదు. దూరంగా కూర్చుని చూశారు.

రిపోర్టు ఫారంలో, నీటి వనరుకి రోజూ మందు వేయబడినదా అని ఒక గడి ఉంది. నిన్నటిదాకా అవును అని రాస్తే అబద్ధం కాదు. అందుకే ఆ కాగితం ముట్టుకోబుద్ధి కావడం లేదు.

జూలై 13, మంగళవారం

సోములమ్మ వచ్చింది. వంగి చూసింది. ఇంటికి పోయి కుండతో తిరిగి వచ్చింది. ఆమె వెనక ఇంకో పదకొండు మంది. ఊట చుట్టూ మళ్ళీ బురద.

జూలై 14, బుధవారం

కొత్త కేసులు లేవు. గుడారం విప్పేశాను. వెళ్తూ కనక గుడిసెకి వెళ్ళాను. ఆమె లోపలికి పోయి ముంతతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. ఏ నీళ్ళని అడగలేదు. తాగేశాను.