లోరెంజ్ చేసిన పాడుపని

జెనీవా

అమ్మా, ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. ఈసారి ద్రాక్ష కోతలకు మాత్రం రాలేను. ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను.

కొత్త కణం కోసం వెతికే మా ప్రయోగంలో లెక్కలన్నీ సరిచూసేదాకా ఫలితం ఎవరూ చూడకూడదు. చూస్తే, మనకు తెలియకుండానే లెక్కను అటే లాగుతాం. మాతో పనిచేసే ఆ ఆత్రగాడు లోరెంజ్ తెరిచి చూసేశాడు! పైగా ఇకిలిస్తూ వచ్చి, "మేడమ్, మన కణం ఉంది!" అన్నాడు. ప్రయోగం నడిపే ఒట్టిలీ మేడమ్ ఏడాది కొలతలన్నీ అవతల పడేసింది. మళ్లీ మొదటినుంచి కొలవాలి. ఆవిడకిదే ఆఖరి ప్రయోగం. ఈసారి ఫలితం వచ్చేసరికి రిటైరైపోతుంది కూడా.

"ఎవరికీ చెప్పకపోతే సరిపోయేదిగా!" అని అరిచాను.

"యంత్రంలో నువ్వు బిగించిన తీగ వదులైందని తెలిసీ మూత పెట్టేస్తావా జెర్మేన్?" అంది మేడమ్.

"చచ్చినా పెట్టను."

"మరింకేం, పద."

మళ్లీ కొలవడానికి వెళ్లాను. లోరెంజ్‌తో మాత్రం మాట్లాడటం లేదు.

కోతలకు నా బదులు మామయ్య కొడుకుని పిలువు. చెల్లి ఓడిల్‌కి దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్లు పంపు, మేం పనిచేసే సొరంగంలో చలి. నాన్నకూ చెల్లికీ ముద్దులు. ఊళ్లో ఎవరైనా మా కణం దొరికిందా అని అడిగితే, మేమింకా చూడలేదని చెప్పు.

నీ జెర్మేన్