మైనస్ మూడు

అక్కా,

రేపు తొమ్మిదో తరగతికి పాఠం చెప్పడానికి వెళ్లాలంటే భయంగా ఉంది. ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నదానివి కాబట్టి నీకే రాస్తున్నాను.

సోమవారం బోర్డు మీద √2 × √8a² చేశాను. గుణిస్తే √16a², జవాబు 4a అన్నాను. శ్రీరమ్య అనే పిల్ల లేచింది. “a మైనస్ మూడైతే మీ జవాబు మైనస్ పన్నెండు. రూట్‌కి మైనస్ ఎట్టా వచ్చిద్ది టీచర్?” అంది. “నాకే నేర్పుతావా? బయటికి పో!” అని అరిచాను.

ఇంటికొచ్చి చేసి చూస్తే ఆ పిల్లే రైటు. మైనస్ రాకుండా 4|a| అని రాయాల్సింది. మర్నాటి నుంచి శ్రీరమ్య బడికి రాలేదు.

నిన్న వెతుక్కుంటూ మిరప చేలోకి వెళ్లాను. తల్లీకూతుళ్లు కాయలు కోస్తున్నారు. “లెక్కలు రాని పిల్లకి బడెందుకండీ?” అంది తల్లి.

“దానికి వచ్చమ్మా. నాకే రాలేదు,” అన్నాను.

శ్రీరమ్య చేతిలో కాయలు గంపలో వేసి, “ఆ మాట క్లాసులో అంటారా టీచర్?” అంది. అంటానన్నాను.

నలభై మంది నవ్వుతారేమో, ఇక నేనేం చెప్పినా నమ్మరేమో. అది ఎలాగో భరిస్తాను. నేను ఆ మాట అనేటప్పటికి శ్రీరమ్య బెంచీలో లేకపోతే ఏం చెయ్యను అక్కా?

నీ చెల్లి