పిలిస్తే వచ్చే మంద

నవంబర్ 2, గురువారం
వేట సీజన్ మొదలైంది. ఎండాకాలమంతా ఈ ఎడారి వేట కంచెలో జింకలకు గడ్డి వేసింది నేను. జూన్‌లో నా పికప్ చప్పుడుకే పారిపోయేవి. ఊళ్ళో మా బాపు మేకలను పిలిచినట్టు, నాలుక ఆడించి ట్ర్ర్ర్ర్... అనడం మొదలుపెట్టాను. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు బండి ఆగకముందే చుట్టూ మూగుతాయి. ఇవాళ ముదీర్, అంటే మా మేనేజర్, చూశాడు. "షాబాష్, డాక్టర్ సాబ్!" ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. పొంగిపోయాను.

నవంబర్ 5, ఆదివారం
అబూదబీ గెస్టులు రెండు రోజులు తిరిగి ఉత్త చేతులతో పోయారు. వాళ్ళ పెద్ద బండ్లు కనబడితే చాలు, జింకలు దిబ్బల వెనక్కి. ముదీర్ మొహం మాడిపోయింది.

నవంబర్ 9, గురువారం
ముదీర్: "శనివారం గెస్ట్ నీ పికప్‌లో వస్తాడు. తుమ్ బులావ్, వో మారేగా. ఖలాస్." నేను పిలవాలి, వాడు కాల్చాలి, అంతే.
వేట తప్పని నేననను. కంచెలో మంద పెరిగితే మేతకు కొట్టుకు చస్తాయి. చెవికి పసుపు బిళ్ళ ఉన్న ముసలి పోతులనే కొట్టాలని రూలు — అదీ న్యాయమే. మేకను కోయని ఇల్లా మాది? కానీ కోసే మేకను బాపు ఎన్నడూ పిలవలేదు. మందలోకి తానే నడిచిపోయి చెవి పట్టుకొని తెచ్చేవాడు. పిలిచి కోస్తే ఆ పిలుపుకు మళ్ళీ ఏదీ రాదు. ముదీర్‌కు చెప్పబోయాను. నవ్వాడు. "యే బకరీ నహీ హై, భాయ్."
రూములో రాజన్నకు చెప్పుకున్నాను.
"ఏందిర తమ్మీ, జింక నీ మేనత్త బిడ్డనా? నీ వీసా కాయితం ఆయన టేబుల్ మీదున్నది. నోర్మూసుకొని పిలువు."
"నోర్మూసుకొని ఎట్ల పిలువాలె అన్నా?"
ఇద్దరం నవ్వాం. నాకు లోపల మండుతూనే ఉంది.

నవంబర్ 11, శనివారం
పిలిచాను.

నవంబర్ 12, ఆదివారం
నిన్నటిది రాయాలి. గెస్ట్ పక్క సీట్లో, ముదీర్ వెనక. బండి ఆపి అద్దం దించాను. "యల్లా, యల్లా!" అంటూ వెనక నుంచి ముదీర్ తొందరపెట్టాడు. పిలిచాను. ఎప్పటిలాగే ఉరుక్కుంటూ వచ్చాయి. పసుపు బిళ్ళ పోతు అన్నిటికంటే ముందు... గడ్డి కోసం మెడ చాచింది. ఇరవై అడుగుల దూరం కూడా లేదు. ఒకటే దెబ్బ. గెస్ట్ నా భుజం తట్టాడు — "బహుత్ అచ్ఛా." చెయ్యి విదిలించేశాను. ఎవడూ గమనించలేదు. తుపాకి వాడిది. గొంతు నాది.

నవంబర్ 14, మంగళవారం
మూడు రోజులైంది, ఒక్కటీ రాలేదు. పిలిస్తే ఇంకా దూరం పోతున్నాయి. కంచెలో వేరే మేత లేదు. జమ్మి చెట్లకు అందినంత ఆకు ఎప్పుడో అయిపోయింది. ఒక పెంటి జింకకు పాలు తాగే పిల్ల ఉంది. తల్లికి డొక్కలు తేలాయి.
ముదీర్: "శనివారం ఇద్దరు గెస్టులు. కుఛ్ కరో."
"మీరు చేసిందే సాబ్ ఇది" అన్నాను. నేను కూడా చేశాను. ఆ మాట అనలేదు.

నవంబర్ 16, గురువారం
పొద్దున పికప్ దూరంగా ఆపి, గడ్డి మోపు భుజాన వేసుకొని నడిచాను. పిలవలేదు. గడ్డి పరిచి, బాగా వెనక్కి వచ్చి ఇసుకలో కూర్చున్నాను. ఎంతసేపో... పిల్లతల్లి వచ్చింది. తర్వాత ఇంకో ఆరు. ఇంకో పసుపు బిళ్ళ పోతు కూడా. తలలు ఎత్తి నన్ను చూస్తూనే నమిలాయి.
ముదీర్ వాయిస్ మెసేజ్: "ఆయా క్యా? బోలో, ఆయా క్యా?"
రాలేదంటే గడ్డి దండగ, ఆపెయ్ అంటాడు. వచ్చాయంటే ఎల్లుండి శనివారం, ఇద్దరు గెస్టులు, మళ్ళీ నా పిలుపు.
ఇప్పుడు మధ్యాహ్నం రెండు. రెండుసార్లు విన్నాను. ఇంకా జవాబు పెట్టలేదు.