మెత్తబడిన సుత్తి దెబ్బలు

నంద్యాల,
ఏప్రిల్ 2020

ప్రియమైన ఉషకు,

ఫోనులో అయితే మనకు మాటా మాటా పెరుగుతుందని ఉత్తరం రాస్తున్నాను. పాల వ్యాను గురుస్వామన్న తెచ్చిస్తాడు. లాక్‌డౌన్‌తో ఊరు బోసిపోయింది. ఇంటర్నెట్టు కోసం ఆళ్లగడ్డ దాకా రోడ్డు కింద వేసిన గాజు తీగ తెలుసు కదా, దానిలోకి మా ఆఫీసు యంత్రం వెలుగు పంపుతుంది. పైన నేల ఎక్కడ అదిరినా మా తెర మీద గీత పడుతుంది. ఇన్నాళ్లూ లారీల మోతలో ఏదీ తేలేది కాదు. ఇప్పుడు అంతా నిశ్శబ్దం, ఒక్క రోడ్డు పక్కనున్న మీ నాయన శిల్పాల కొట్టం దగ్గర తప్ప. పొద్దున్నే సుత్తి దెబ్బలు! మామ ఎవరి మాట విన్నాడు గనక.

నీ గిరీశ్

ఆళ్లగడ్డ

ప్రియమైన బావకు,

పుట్టింటికి వచ్చి చిక్కుకుపోయాను. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "నా సుత్తి గూడా ఇనపడతాందా!" అని నాయన నవ్వాడు. చెల్లెలి పెళ్లిలో అందరి ముందూ నిన్ను "తీగకు చెవి పెట్టుకోని కూర్చునేది గూడా ఒక పనేనప్పా?" అన్నందుకు బాధపడుతున్నాడు. "నీ మొగుణ్ణి రమ్మను, తప్పయిందని ఎదురుగా చెప్పాల" అంటున్నాడు. నీకు పాసు ఉంది కదా, ఒక్క పూట వచ్చిపో.

నీ ఉష

నంద్యాల

ఉషా,

పాసు ఇచ్చింది పని కోసం, అత్తారింటికి కాదు. అన్నది నలుగురిలో, చెప్పుకునేది చాటునా? లాక్‌డౌన్ ఎత్తేశాక చూద్దాం. మామ గట్టిగానే ఉన్నాడు, రోజూ తెర మీద చూస్తున్నాను. ఈమధ్య దెబ్బలు మెత్తబడ్డాయి. విగ్రహానికి కళ్లు చెక్కుతున్నట్టున్నాడు, ఆ పనికి నిదానం కావాలి కదా. కానివ్వు, పూర్తి చేసుకోనీ.

గిరీశ్

ఆళ్లగడ్డ,
మే

బావా,

నిన్న వచ్చి, కొట్టం ముందు కూలబడి ఏడ్చి పోయావు. నాయన శవం దగ్గర చెప్పలేక ఇప్పుడు రాస్తున్నాను.

ఆ మెత్తని దెబ్బలు నావి. నిన్ను రమ్మని రాసేనాటికే నాయన గుండెనొప్పితో మంచం పట్టాడు. ఆసుపత్రికి పోదామంటే కరోనా అంటుకుంటుందని కదల్లేదు. "ఉలి చప్పుడు లేకుంటే ఊపిరాడదమ్మా, నువ్వన్నా కొట్టు" అంటే, పారేసిన రాయి మీద కొడుతూ కూర్చున్నాను. జబ్బు సంగతి నీకు రాయొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. "అది చెప్తే జాలితో వస్తాడు. వానంతట వాడే రావాల" అన్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. ఆ బాధ నాకు పోయేది కాదు.

చివరిరోజు వాకిలి వైపే చూస్తుంటే, "బావకు నీ సంగతి తెలీదు నాయనా" అన్నాను.

"తెలీకేం? నా దెబ్బ ఏందో, నీ దెబ్బ ఏందో ఆ తీగ చెప్పింటాదిలే. తెలిసే రాల్యా" అన్నాడు.

నీ పనిని అంతగా నమ్మి పోయాడు బావా.

ఉష