లాకులో అమ్మ పడవ

కువైట్, మార్చి 1997

గంగరాజు మావయ్యగారికి నమస్కారం.

కిందటేడు మేం సెలవులకు వచ్చినప్పుడు అమ్మను మీ కాలువ లాకు క్వార్టర్స్ బయటే నిలబెట్టారు. “అరబ్బుల అంట్లు తోముకునేదానివి, నా గుమ్మం ఎక్కకే!” అన్నారు. సొంత చెల్లెల్ని! అమ్మ నాన్నకు కూడా చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను.

ఈసారి కాలువలకు నీళ్లు వదలగానే పడవ ప్రయాణం పెట్టాను. దిగువ నుంచి మీ లాకులోకే వస్తాం. తలుపులు మూసి, నీళ్లు నింపి పడవను పైకి లేపడం మీ ఉద్యోగం. కాదనలేరు.

అమ్మ పడవ మీద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. లోతులోంచి అంగుళం అంగుళం ఆరోహణ చేసి (ఎంత మంచి మాట, ఈమధ్యే నేర్చుకున్నాను) మీ ముఖానికి ఎదురుగా వస్తుంది. జూలై మొదటి సోమవారం సెలవు పెట్టకండి. నీళ్లు వదిలే చక్రం మెల్లగా తిప్పండి. మాకు తొందర లేదు.

మీ మేనకోడలు