తల మీద పేరు లేని ఊరు

జూలై 3, గురువారం

ఇవాళ పేర్లు తీసేశాం. మేం కంప్యూటర్లో ఆడుకునే కొత్తరేవు ఊళ్లో ఇక ఎవరి తల మీదా ఖాతా పేరు వేలాడదు. నాలుగు నెలలుగా నేను పోరుతున్నది ఇదే. ఆటగాళ్ల సమావేశంలో అడిగేశాను — నెత్తిన బోర్డు పెట్టుకు తిరగడానికి మనమేమైనా సిటీ బస్సులమా? అందరూ నవ్వారు, చేతులెత్తారు. ఇకమీదట మనిషిని ముఖం చూసి, గొంతు విని తెలుసుకోవాలి, బయట ఊళ్లో లాగే. నిబంధనలు నేనే రాశాను. అసలు పేరు, ఇల్లు, ఫోను అడగరాదు, చెప్పరాదు; చెప్తే వారం వెలి. పాత్ర తప్పి మాట్లాడితే హెచ్చరిక. చచ్చిన పాత్ర చచ్చినట్టే. అదే మనిషి కొత్త ముఖంతో వస్తే పాతవాళ్లు ఎరగనట్టే ఉండాలి.

గణేష్‌కి కాస్త భయం. ఆనందపురం నుంచి ఆడతాడు, సర్వర్ బాధ్యత నాతోపాటు వాడిదీ. "మరీ గట్టిగా రాసీసినావ్ బావా" అన్నాడు. గట్టిగా లేకపోతే అది ఊరెలా అవుతుంది?

జూలై 5, శనివారం

పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా పోర్టు గేటు దగ్గర కాటా మీద బొగ్గు లారీలు. నంబరు పిలవడం, తూకం రాయడం, చీటీ చింపడం. పదకొండేళ్లు. ఒక్క డ్రైవరు ముఖం గుర్తులేదు. వాళ్లకి నాదీ గుర్తుండదు.

నాలుగింటికి కొత్తరేవులో టీ కొట్టు తెరిస్తే ప్రాణం లేచొస్తుంది. అక్కడ నేను నూకయ్యని. అందరికీ కావలసిన వాణ్ని.

సూరి వచ్చాడు — పడవ నడిపే సూరి. ఏడాదిగా రోజూ ఇదే వేళకి వస్తాడు. "నూకయ్య బావా, ఒక టీ. పంచదార తగ్గించు." లేని టీలో పంచదార తగ్గించాను. ఇంతలో వాడి మైకులోంచి వాళ్లమ్మ కేక — "నాయనా, అన్నం సల్లారిపోతంది!" నాలుగున్నరకి అన్నమేమిటో... వాడిదీ షిఫ్టు డ్యూటీయే అయ్యుంటుంది. నేను విననట్టే, "రేవులో గాలెక్కువగా ఉంది" అన్నాను. నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఇంట్లో ఎన్నాళ్లయిందో ఇలా ఒకళ్లని నవ్వించి.

జూలై 8, మంగళవారం

మా ఆవిడ పద్మ — "సెవుల మీద ఆ డొప్పలు తీసి ఒకపాలి నా మొకం సూడు. నాను సెప్పింది ఇన్నావా?"

వినలేదు. ఏం చెప్పిందో ఇప్పటికీ తెలియదు. మళ్లీ అడగడానికి ముఖం చెల్లలేదు.

జూలై 10, గురువారం

తుఫాను ఆడాం. మూడు పడవలు మునిగాయి. అందరూ ఈది ఒడ్డెక్కారు, సూరి తప్ప. కదల్లేదు. మీట వదిలేసి ఎటో లేచిపోయినట్టు, అలాగే పడవతో పాటు కిందికి దిగిపోయాడు. చచ్చినట్టే.

రేవులో దండ వేశాం. నూకయ్యగా గొంతు పగిలేలా ఏడ్చాను. అబ్బా, ఏం చేశావ్ అన్నా అని ఒకటే పొగడ్తలు. సిగ్గు విడిచి రాస్తున్నాను — చాలా బాగుండింది ఆ పొగడ్త.

జూలై 15, మంగళవారం

సూరిగా ఆడే మనిషి కొత్త పాత్రతో ఇంకా రాలేదు. కొట్టు ముందు వాడు కూర్చునే బెంచీ ఖాళీ. వానలు. ఒళ్లంతా బొగ్గుపొడి.

జూలై 22, మంగళవారం

కొట్టుకి ఒక కొత్త మనిషి వచ్చాడు. గుండు, తెల్ల చొక్కా. నోరు తెరవగానే తెలిసిపోయింది — సూరే! లోపల ఎంత సంతోషమో. కానీ నూకయ్యకి తెలియకూడదు కదా.

"బావా... నానే."

"ఎవరు బాబూ? ఊరికి కొత్తా? గుండు సూత్తే తిరపతి యెల్లొచ్చినట్టున్నావ్."

తర్వాత మెల్లగా — "ఆట కాదు బావా. ఒక్క నిమిషం. మాయమ్మ..."

'ఆట' అన్నాడు. పాత్ర తప్పాడు. నాకంటే ముందు నా వేలు కదిలింది, హెచ్చరిక నొక్కేశాను. వాడి తెర మీద ఎర్ర అక్షరాలు పడి ఉంటాయి. అలాగే నిలబడ్డాడు. మైకులో ఊపిరి మాత్రం. తర్వాత వెళ్లిపోయాడు.

"బాగా నిలబడ్డావ్ బావా" అన్నాడు గణేష్. నేనూ అలాగే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

జూలై 24, గురువారం

రాలేదు. హెచ్చరికకి అలిగాడా? ఇంత చిన్నదానికి అలిగేవాడు కాదే.

జూలై 25, శుక్రవారం

అన్నం తింటూ సూరి గుండుతో వచ్చిన సంగతి పద్మకి చెప్పాను, ఏదో ఒక మాట కలపాలని. నవ్వుతుందనుకున్నాను. ఆమె చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"ఓలమ్మా... గుండుతోటి ఒచ్చి మాయమ్మ అన్నాడా? దినాలు అయిపోయి ఒచ్చుంటాడు. సెప్పుకోడానికి మనిషి నేక నీ కాడికొచ్చినాడు. నువ్వేటన్నావు? తిరపతా?"

కంచం పక్కకి నెట్టి తేదీలు లెక్కేశాను.

పదో తారీఖు నుంచి ఇరవై రెండు. పన్నెండు రోజులు. ఆ తుఫాను రోజు కదలకుండా మునిగిపోయాడే, అప్పుడే లోపల వాళ్లమ్మకి ఏదో అయ్యుంటుంది. కుర్చీలోంచి లేచి పరిగెత్తి ఉంటాడు. ఇక్కడ నేను దండ వేసి దొంగేడుపు ఏడ్చి మెప్పు కొట్టేశాను. తనకి నిజంగా ఉన్న గుండునే ఆ బొమ్మకీ పెట్టుకుని వచ్చాడు. అంతకంటే ఎలా చెప్తాడు మనిషి?

ఛీ. నా బతుకు.

జూలై 26, శనివారం

రికార్డులన్నీ తిరగేశాను. ఒక ఖాతా నంబరుంది, దాని వెనక మనిషి లేడు. ఇచ్చిన మెయిలుకి రాస్తే తిరిగొచ్చింది. ఏడాది రోజూ మాట్లాడాను, అసలు పేరు తెలియదు. కనీసం తల మీద ఖాతా పేరు ఉండుంటే... కొత్త ముఖం మీద కూడా అదే పేరు వేలాడేది. నువ్వెవరని అడిగే వీలే ఉండేది కాదు నాకు. ఆ పేరు తీయించింది నేనే.

జూలై 27, ఆదివారం

ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి మా కిటికీలోంచి ఓడ కూత వినిపిస్తుంటే, అదే కూత వాడి మైకులోనూ వినిపించింది. ఇద్దరం మాట ఆపి మళ్లీ అందుకున్నాం, ఏమీ జరగనట్టు. అంటే ఇక్కడే ఎక్కడో ఉన్నాడు. మేముండే ఈ మల్కాపురమే కావచ్చు. మా వెనక వీధే కావచ్చు.

పొద్దున్నే గొంతు వెతుకుతూ బయల్దేరాను. టీ బడ్డీలు, చేపల బజారు, బస్టాపు. మాట్లాడుకునే వాళ్ల పక్కన ఊరికే నిలబడటం. గుండు మీద అప్పుడే వెంట్రుక మొలుస్తున్న ఒకాయన వెనక చాలా దూరం నడిచాను. చటుక్కున తిరిగాడు. "ఏటి బావా, నా ఎనకాల పడ్డావ్?" ఆ గొంతు కాదు. తప్పైపోయింది అన్నాను. ఆయన కూడా ఎవరినో పోగొట్టుకునే ఉంటాడు, అదీ అడగలేదు.

జూలై 28, సోమవారం

కాటా మీదున్న లారీ డ్రైవరుని పేరడిగాను. గొంతు విందామని. బిత్తరపోయాడు. "ఏం సార్, నానేటి తప్పు సేసినాను?"

జూలై 29, మంగళవారం

సమావేశం. పేర్లు మళ్లీ పెట్టమని అడిగాను. జరిగిందంతా చెప్పాను. కొంచెంసేపు అందరూ 'అయ్యో' అన్నారు. తర్వాత ఒకరు మెల్లగా — ఇప్పుడే కదా అన్నా ఊరు ఊరులా ఉంది, ఒక్కరి కోసం పాడుచేస్తామా? నా పాత మాటలు నాకే అప్పజెప్పారు. ఓడిపోయాను. గణేష్ కూడా చెయ్యెత్తలేదు.

జూలై 31, గురువారం

నాలుగింటికి కొట్టు తెరిచాను. వచ్చిన ప్రతివాడికీ ఒకటే చెప్పాను — "నాను నూకయ్యని కాను. నా పేరు సన్యాసిరావు. మల్కాపురంలో ఉంటాను. సూరి కనబడితే సెప్పండి, అమ్మ సంగతి తెలిసిందని సెప్పండి. ఆ రోజు గొంతు గుర్తుపట్టి కూడా ఎరగనట్టు మాట్లాడినానని, తప్పు నాదేనని సెప్పండి." ఇంటి గుర్తులు చెప్పాను. ఫోను నంబరు చెప్పాను. కొందరు నవ్వారు. ఒకడు — "ఆట పాడు సేయకు తాతా." రెండు గంటలు చెప్పాను. గొంతు పోయింది.

ఆగస్టు 1, శుక్రవారం

గణేష్ ఫోను. "ఏటీ అనుకోకు బావా. నువ్వు రాసిన రూలే. వారం రోజులు నువ్వు రాకూడదు. నిన్న నువ్వు సెప్పినవన్నీ కూడా రికార్డులోంచి తీసీమన్నారు."

నేనేమీ అనుకోలేదు. అనడానికి నాకు నోరెక్కడుంది?

ఆగస్టు 2, శనివారం

నాలుగైంది. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. పద్మ టీ తెచ్చి పక్కన కూర్చుంది. మాట్లాడటం మర్చిపోయాం ఇద్దరం.

ఆగస్టు 4, సోమవారం

షిఫ్టు దిగి వచ్చేసరికి గణేష్ ఫోను. మామూలుగా ఏవో రెండు మాటలు. తర్వాత, "అన్నట్టు, నిన్న నీ కొట్టు కాడికి ఒకడొచ్చినాడు. కొత్త ఖాతా. మైకు పెట్టుకోనేదు. మూసిన కొట్టు ముందర నాలుగు నుంచి ఆరు దాకా అలాగే నిలబడిపోనాడు."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఎవరో అడగనేదా?"

"అడిగితే రూలు తప్పుతాది కద బావా."

బతిమాలాను. ఒక్క గంట నన్ను లోపలికి వదలమన్నాను. ఓటుకి పెట్టాలట. పోనీ ఇవాళ వస్తే నా ఫోను నంబరు చెప్పు, నా పేరు చెప్పు, అన్నాను. "నన్ను కూడా తోసేత్తారు బావా... సూత్తాను." ఆ 'చూస్తాను' ఎలాంటిదో నాకు తెలుసు. పద్మకి నేను రోజూ చెప్పేదే.

ఇప్పుడు మూడు యాభై. ఇంకా నాలుగు రోజులు నాకు ప్రవేశం లేదు. తెర ముందు కూర్చున్నాను, తెరవడానికి లేదు. పద్మ గుమ్మంలో నిలబడి — "ఒచ్చినాడా?"

తెలియదు. వచ్చినా తెలియదు.