డాక్టరుకు చెప్పని పట్టుపురుగుల గది

బుధవారం రాత్రి, చింతామణి నుంచి వచ్చాక

ఏళ్ల తరబడి సలుపుతున్న నా మోకాలి చిప్పకు సోమవారం ఆపరేషన్. కత్తి కంటే నేనాడిన అబద్ధమే ఎక్కువ భయపెడుతోంది.

"కింద కూర్చొనే పనులేమన్నా చేస్తాండావా, తాతా?" అని డాక్టరు అడిగాడు. పక్కనే నా పెద్దకొడుకు. ముసలి తండ్రి చేత చాకిరీ చేయిస్తున్నాడని వాణ్ణి అనుకుంటారేమోనని, "యాడ పనప్పా! కొడుకులు చేస్తాండారు, నేను తిని పండుకుంటాండా" అన్నాను.

"రెస్టులో ఉన్నా తగ్గలేదంటే ఆపరేషన్ చేసి చూడల్ల. గ్యారంటీ మాత్రం లేదు. శానామందికి ఆపరేషన్ లేకుండా వ్యాయామంతోనే అంతే గుణం కనిపిస్తాది" అన్నాడాయన.

రోజూ రెండు పూటలా పట్టుపురుగుల గదిలో గొంతుక్కూర్చొని మల్బరీ ఆకు తరిగేది నేనే. మా నాయన కుంటెద్దుకు ఊరూరా మందులు పోయించాడు గానీ మెడ మీది కాడి మాత్రం దించలేదు. ఆ కథ చెప్పి బాగేపల్లి దాకా జనాన్ని నవ్వించాను.

ఆపరేషన్ తరవాతా ఆ గదికే కదా పోయేది? ఇంటికి రాగానే నిజం చెప్పేద్దామని కొడుకును పిలిచాను. వాడే ముందు నోరు తెరిచాడు. "నాయనా, డాక్టరు ముందర నా మానం కాపాడితివప్పా."

సోమవారానికి ఆస్పత్రి సంచి సర్దిపెట్టమన్నాను. పురుగులు ఆకు నమిలే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. తెల్లవారేసరికి ఆకు తరగాలి.